కుప్పం బాడిగ ఇల్లు

కుప్పం,
17 నవంబరు 2024, ఆదివారం.

అన్న ఉమాపతికి చెల్లెలు గీత దండం పెట్టి రాసేది.

ఈడ నేనూ అమ్మా బాగానే ఉండాము. పుంగనూరులో నువ్వూ, మమత వదినా, పిల్లోల్లిద్దరూ బాగుండారని తలుస్తాండాను. అమ్మ మోకాలినొప్పి తగ్గింది. ఇంటిగలామె రెడ్డెమ్మ ఏదో నూనె ఇచ్చింది, అది రుద్దుకొని మిద్దె మీద ఎండకు కూర్చుంటాది. చిన్నోడి దగ్గు ఎట్లుండాదో అని నిన్నటినించి అడుగుతానే ఉండాది. వదినను ఒకసారి ఫోన్ చేయమను.

ఫోన్ ఉండంగా ఉత్తరం యాల అనుకుంటావు. ఫోన్లో అయితే నువ్వు మాట్లాడతావు, నేను ఊ కొడతాను. మధ్యలో ఏమన్నా అనబోతే "ఆగుమ్మే, నేను చెప్పేది విను" అంటావు. నేను ఆగుతాను. ఆగినాక నాకు మల్లా పలుకు రాదు. కాగితం మీదైతే అడ్డమొచ్చేవాళ్లు ఎవరూ ఉండరు. పొద్దున పాలు దించుకోవడం అయిపోయింది, సందకాడ పాలు వచ్చేదానికి ఇంకా టైముండాది, డెయిరీ ల్యాబులో కూర్చోని రాస్తాండాను. కడదాకా సదువు. మధ్యలో కోపమొచ్చి చించేస్తే అతికించుకొని సదువు.

పోయిన ఆదివారం నువ్వు చెప్పిన లెక్కతోనే మొదలుపెడతా. టెంపో వీధిలో నిలిపి, అమ్మను చెయ్యి పట్టుకొని మిద్దెక్కించి కుర్చీలో కూర్చోబెట్టినావు. నువ్వు మాత్రం గడప మీదనే కూర్చోని ఫోన్లో క్యాలిక్యులేటర్ తీసినావు. నేను కాఫీ పెట్టేలోపలే లెక్క తేల్చేసినావు. మదనపల్లెలో నా జీతం పదిహేడు వేలు. కుప్పంలో ఇరవైమూడు. పెరిగింది ఆరు. అందులో ఐదున్నర ఈ ఇంటి బాడిగకే పాయ. బియ్యం, పప్పు, గ్యాసు, కరెంటు, ఊరికి వచ్చి పోయే చార్జీలు పైన. "మదనపల్లెలో ఉన్నప్పుడు ఇంట్లో తిని, పుంగనూరు నుంచి బస్సులో పోయి వస్తా పదకొండు వేలు ఇంటికి ఇచ్చేదానివి. ఇప్పుడు పెద్ద జీతమని పేరు, నాలుగు వేలు గూడా పంపలేవు. ప్రమోషన్ తీసుకొని నష్టపోయినావు" అన్నావు.

నీ లెక్క కరెక్టు అన్నా. నేను తప్పనడంలే. నువ్వు మర్చిపోయినవి గూడా నేనే చెప్తా, రాసుకో. ఈడ కొళాయి నీళ్లు ఉప్పగా ఉంటాయి, తాగేదానికి క్యాను నీళ్లు కొనాల. కాలేజీ పిల్లోల్లు ఎక్కువ కాబట్టి బాడిగలు ఏటేటా పెంచుతారు. పరుపు, స్టవ్వు, బకెట్లు, మగ్గులు అన్నీ కొత్తగా కొంటి, మొదటి నెల జీతం వాటికే సరిపాయ. టమోటాలు గూడా కొంటాండాను. నీ టెంపోలో మదనపల్లె యార్డుకు టమోటాలు పోతాండంగా, మనింట్లో బుట్ట ఎప్పుడూ ఖాళీ అయ్యేది కాదు. ఈడ మొదటిసారి కిలో కొనేటప్పుడు, ఆ అంగడామెకు నేను దుడ్లు ఇయ్యాల్నా అని కొంచేపు అట్లే నిలబడిపోతి. ఆమె నన్ను పిచ్చిదాన్ని సూసినట్టు సూసింది.

కాబట్టి నష్టమే. ఒప్పుకుంటాండాను. అయినా నేను రాను.

ఈ మాట ఆదివారమే నీ మొహాన చెప్పాల్సింది. చెప్పలేకపోతి. "ఆలోచిస్తాలే" అంటి. నువ్వు దాన్ని సరేననుకొని, అమ్మను ఈడే వదిలిపెట్టి, "దాన్ని, దాని సామాన్లనీ సర్దిచ్చి పెట్టుమా, నెలాఖరుకు టెంపో తెస్తా" అని చెప్పి పోతివి. నేను పక్కనే ఉండాను. నాకు చెప్పలేదు, అమ్మకు చెప్పినావు.

సరే, బుధవారం ఏమైందో విను. నీకు రెడ్డెమ్మ సగమే చెప్పింటాది.

ఆపొద్దు సందకాడ డ్యూటీ దిగి వస్తాంటే, ఇంటి గేటుకు ఒక అట్టముక్క వేలాడతాండాది. టూలెట్ అని ఎర్ర ఇంకుతో రాసినారు. కింద ఇంకో భాగం ఉండాది కదా, దానికేమో అనుకొని మెట్లెక్కితి. పైకి పోతే మా వాకిట్లో ఎవరివో రెండు జతల చెప్పులు. లోపల ఒక మొగుడూ పెండ్లాం. ఆమె నా వంటగట్టు మీద చెయ్యి పెట్టి ఎత్తు సూస్తాండాది. ఆయన బాత్రూంలో కొళాయి తిప్పుతాండాడు. అమ్మ గోడకు ఆనుకొని నిలబడుండాది. రెడ్డెమ్మ మధ్యలో నిలబడి, "వెలుతురు బాగొస్తాది, మెయిన్ రోడ్డు దగ్గిర" అని వర్ణిస్తాండాది.

"ఏం జరుగుతాండాదమ్మా ఈడ?" అంటి.

రెడ్డెమ్మకు నా మొహం సూసేసరికి తడబాటు వచ్చేసింది. "మీయన్న ఫోన్ చేసినాడు గదా పాపా. నెలాఖరుకు ఖాళీ చేస్తారని చెప్పినాడు. అడ్వాన్సు గూడా తన నంబరుకే ఎయ్యమని నంబరు పంపించినాడు" అనింది.

అన్నా, ఆ అడ్వాన్సు నేను కట్టింది. నా మొదటి ప్రమోషన్ జీతం రాకముందే, నా చెవుల కమ్మలు కుదవ పెట్టి దుడ్లు తెచ్చి కట్టింది. అగ్రిమెంటులో నా పేరుండాది, నా సంతకముండాది. అది తిరిగి ఎవరికి ఎయ్యాల్నో నువ్వు చెప్పినావు. ఆమె నన్నొక మాట అడగలా. మొగమనిషి చెప్పినాడంటే అదే ఆఖరు మాట అనుకునింది. ఆమె మీద నాకు కోపం లేదు. ఆమెకు అట్ల అనుకోవచ్చునని ధైర్యం ఇచ్చింది నువ్వు.

నేను కిందికి దిగి గేటుకున్న అట్ట పీకేస్తి. పైకి తెచ్చి రెడ్డెమ్మ చేతికిస్తి. "ఈ ఇల్లు ఖాళీ కాదమ్మా. అయ్యే దినం నేను చెప్తా. నేను తప్ప ఇంకెవరు చెప్పినా, ఆ దేవుడే దిగొచ్చి చెప్పినా, లెక్కచెయ్యొద్దు" అంటి. నా గొంతు అంత పెద్దదని నాకే తెలీదు. ఆ మొగుడూ పెండ్లాం చెప్పులు గూడా సరిగా తొడుక్కోకుండా దిగిపోయినారు.

రెడ్డెమ్మ ఆ అట్టను చంకలో పెట్టుకొని, "అది సరే పాపా, వాళ్లు నెలకు ఐదునూర్లు ఎక్కువిస్తామనిరి" అనింది. నువ్వైతే ఆడ కొట్లాడుందువు. అగ్రిమెంటు అయ్యేదాకా పెంచే హక్కు లేదని నాకూ తెలుసు. అయినా, "నేనూ ఇస్తా" అంటి. నోట్లోనించి వచ్చేసింది. ఆరు వేలు ఇప్పుడు బాడిగ. నీ లెక్కలో ఆ ఐదునూర్లు గూడా కలుపుకో.

ఆమె కిందికి పోతా పోతా మనమ్మ దిక్కు తిరిగి, "పెద్దామె మాత్రం గట్టి మనిషమ్మా" అనింది. ఏమని అడిగితే చెప్పింది. నేను రాకముందు మనమ్మ ఆ వచ్చినోల్లతో, "నీళ్లు రావు, రైలు కూతలకు నిద్ర పట్టదు, మిద్దె మీద కోతులు, బట్టలు ఆరేస్తే ఎత్తుకపోతాయి" అని చెప్పిందంట. రెడ్డెమ్మకు రోషమొచ్చి, "మా మిద్దె మీదికి కోతులు ఎప్పుడొచ్చినాయి?" అని అడిగితే, "రేపొస్తాయి" అనిందంట మనమ్మ.

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. "నన్ను తీసకపోయేదానికే కదమ్మా నువ్వు వచ్చింది?" అని అడిగితి.

"అందుకే వచ్చినా మ్మే. కానీ ఇల్లు సూసేదానికొచ్చిన ఆ యమ్మ వచ్చీ రాంగానే నీ బియ్యం డబ్బా మూత తీసి లోపలికి తొంగి సూసింది. నేను మనిషిని ఒకదాన్ని నిలబడుండానని గూడా సూడలా. నాకు ఒళ్లు మండిపోయింది" అనింది.

ఆ మాట తర్వాత తనంతట తనే పాత సంగతి ఒకటి చెప్పింది అన్నా. పెద్దపంజాణి దగ్గర రెడ్ల తోటలో కాయ కోసేదానికి పోయేటప్పుడు, అమ్మా నాయనా ఆ తోట మోటరు కొట్టంలో కాపురమున్నారంట. నువ్వు పసిబిడ్డవంట, నేనింకా పుట్టలేదు. వాళ్లకు ఎరువు మూటలు పెట్టుకునేదానికి కొట్టం కావాల్సొచ్చినప్పుడు, చెప్పా పెట్టకుండా సట్టీ కుండా బయట పెట్టేసినారంట. నాయన ఏమీ అనలేదంట, అమ్మ ఏమీ అనలేదంట. కుండ నెత్తిన పెట్టుకొని నడిచినారంట. ఈ సంగతి ఇన్నేండ్లలో నాకెప్పుడూ చెప్పలేదు. నీకు చెప్పిందో లేదో తెలీదు. చెప్పి, లేచి పోయి సంగటి కెలికింది.

నిన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు, "మోకాలు లేస్తే గదా నాయనా బస్సెక్కేది" అని చెప్పిందంట కదా. ఆ ఫోన్ పెట్టేసి, రెడ్డెమ్మను ఎంటబెట్టుకొని బజారుకు నడిచిపోయి చిక్కుడుకాయలు తెచ్చింది. ఇది ఉత్తరంలో రాయొద్దంటావా అని పొద్దున అడిగితే, "రాసెయ్, వాడేం చేస్తాడు" అనింది.

ఇంక ఉద్యోగం సంగతి. "ఏముండాదిమ్మే ఆ పనిలో, ఆడా పాలే, ఈడా పాలే" అన్నావు. నిజమే, పాలే. మదనపల్లె ల్యాబులో నేను శాంపిలు బాటిళ్లు కడిగి, సార్లు చెప్పిన నంబర్లు కంప్యూటర్లో ఎక్కించేదాన్ని. ఆరేండ్లు అదే. ఈడ సెంటరు మొత్తానికి క్వాలిటీ చూసేది నేను. నేను సరేనంటేనే పాలు ట్యాంకులోకి పోతాయి.

దసరాకు ముందు ఒక దినం, వి.కోట దిక్కునించి పాలు తెచ్చే ఏజెంటు గోవిందప్ప క్యాన్ల పాలల్లో నీళ్లు కలిపినట్టు తేలింది. మల్లా మల్లా పరీక్ష చేసినా, నీళ్లే. వెనక్కి తీసకపొమ్మంటి. ఆయన పెద్దమనిషి, ఊర్లో పలుకుబడి ఉన్నోడు. "నిన్న వచ్చినావు, రేపు పోతావు, నీకెందుకమ్మా ఇదంతా" అన్నాడు. మేనేజరు అరుణ్ కుమార్ సారుకు ఫోన్ కొట్టినాడు. సారు నాతో, "ఈ ఒక్కసారికి పోనీమ్మా, పండగ టైము, పాలు తక్కువగా ఉండాయి" అన్నాడు. "మీరు పోనిమ్మన్నారని ఒక మెసేజీ పెట్టండి సార్, పోనిస్తా" అంటి. సారు మెసేజీ పెట్టలా. క్యాన్లు వెనక్కి పోయినాయి. నాకు ఆపొద్దు అన్నం సహించలేదు, ఉద్యోగం పోతాదేమో అని. పోలేదు. గోవిందప్ప ఇప్పటికీ నా మొహం సూడడు. పాలు మాత్రం మంచివి తెస్తాండాడు.

ఇది నీకు గొప్ప చెప్పుకొనేదానికి కాదు. ఏం మిగిలింది, ఏం మిగిలింది అని అడుగుతాండావు కదా. నెలాఖరుకు బ్యాంకులో ఏమీ మిగలడంలే. అయినా పొద్దున లేస్తే డ్యూటీకి ఎప్పుడు పోదామా అని ఉంటాది. మదనపల్లె బస్సులో ఆ గంటసేపు కిటికీకి తలానిచ్చి, ఈ బస్సు ఆగిపోతే బాగుండునని ఎన్ని దినాలు అనుకుంటినో నీకు తెలీదు. ఈడ నాకు ఆకలైనప్పుడు తింటాండాను. ఆదివారం పొద్దున చేపలు తెచ్చుకోవాలంటే ఎవరినీ అడగడంలే. నీకు ఇవి చిన్న సంగతులు. నువ్వు ఎప్పుడూ ఎవరినీ అడిగినోడివి కాదు కాబట్టి.

నువ్వు టమోటాలు దించే మండీ ఓనరును పట్టుకొని అరుణ్ కుమార్ సారుతో మాట్లాడించినావని నాకు తెలుసు. సారే ఫోన్ చేసి చెప్పినాడు. మదనపల్లెకు మల్లా వేస్తాము, పాత జీతానికే, ఒప్పుకుంటాండాను అని సోమవారంలోపల మెయిల్ పెట్టమన్నాడు. నేను శుక్రవారమే పెట్టేసినా. రానని పెట్టినా. నా పాత సీటు నా స్నేహితురాలు నీరజకు ఇస్తే బాగుంటాదని గూడా రాసినా. ఆ పిల్లకు అది సరిగ్గా సరిపోతాది. కాబట్టి ఇంక నువ్వు ఎవరినీ పట్టుకోవద్దు. తిరిగొచ్చేదానికి ఆడ కుర్చీ లేదు.

పిల్లోల్ల స్కూలుకని నెలకు మూడు వేలు పంపుతా. అంతకన్నా కుదరదు. అది నువ్వు అడిగినావని కాదు, వాళ్లకు నేను మేనత్తను కాబట్టి. నాకు మల్లా జీతం పెరిగితే పెంచుతా, లేకుంటే మూడే. పదకొండు వేలు లేకపోతే ఇంట్లో ఎంత ఇబ్బందో నాకు తెలుసు. మమత వదిన టైలరింగు చేస్తానని ఎప్పటినించో అంటాండాది, నువ్వే వద్దంటాండావు. మంచి కుట్టు ఆమెది. ఒకసారి చెయ్యనిచ్చి సూడు.

నువ్వు చేసింది నేను మర్చిపోయినానని మాత్రం అనుకోవద్దు. నాయన పోయినప్పుడు నువ్వు ఇంటరు మధ్యలో వదిలిపెట్టి టెంపో క్లీనరుగా పోతివి. నన్ను బీయస్సీ సదివించినావు. నా పరీక్షలప్పుడు కాలేజీ గేటు ముందర టెంపో పెట్టుకొని కూర్చునేవాడివి, లోడు లేట్ అయినా పోయేవాడివి కాదు. ఆ సంగతి ఎవరడిగినా చెప్తా, నా పిల్లోల్లు ఉంటే వాళ్లకూ చెప్తా. కానీ అన్నా, సదివించింది నన్ను ఈ మాత్రం నిలబడేదానికే అని నేననుకున్నా. నువ్వు ఇంకెందుకో అనుకుంటే, అది నాకు ముందే చెప్పుండాల్సింది.

నువ్వు కోప్పడతావు. కోప్పడు. నెలాఖరుకు టెంపో తెచ్చేది నిజమైతే తీసుకురా, వదిననూ పిల్లోల్లనూ ఎక్కించుకొని రా. సామాన్లు ఎక్కించుకొనేదానికి మాత్రం రావొద్దు. అమ్మ ఎప్పుడు వస్తానంటే అప్పుడు నేనే పలమనేరు మీద బస్సులో పిలుచుకొని వచ్చి దించిపోతా. ఇప్పట్లో వస్తాననడంలే.

సందకాడ పాల బండి హారను కొడతాండాది. లేస్తాండాను.

నీ మీద కోపమూ ప్రేమా రెండూ ఉన్న
నీ చెల్లెలు
గీత

తా.క.: పాలు దించుకొని వచ్చినాక ఇది రాస్తాండాను. కవరు అంటించేసుండాల్సింది, అంటించలేదు.

కుప్పానికి బదిలీ కంపెనీవాళ్లు ఏసినారని మీకందరికీ చెప్పింటి. కాదు. నేనే అడిగి ఏయించుకుంటి.

మొన్న ఎండాకాలంలో నీరజ ఒక సంగతి చెప్పింది. పెద్దమండ్యం శ్రీరాములు వాళ్లు, ఆ పశువుల ఆస్పత్రిలో పని చేసే ఆయన, వాళ్ల మామను తీసుకొని పోయినేడాది యార్డు దగ్గిర నిన్ను కలిసి నన్ను పెండ్లికి అడిగినారంట. "మా గీత పెండ్లే వద్దంటాది, మేమెంత చెప్పినా వినదు" అని పంపించేసినావంట. శ్రీరాములు నీరజకు చుట్టం, అందుకని ఆ పిల్లకు తెలిసింది. "నువ్వు వద్దన్నావంట కదక్కా" అని నన్నే అడిగింది. నేను ఆపొద్దు బస్సు మిస్సయినాను.

ఆయనకు పోయిన మాఘంలో పెండ్లి అయిపోయింది. సల్లగా ఉండనీ. ఆయన కోసం నేను కుప్పం రాలేదు, ఆయన మొహం గూడా నాకు సరిగ్గా తెలీదు. నా జీతం పోతాదనే నువ్వు అట్ల చెప్పినావని నేననను, నీ మనసులో ఏముండాదో నీకే తెలుసు. నన్ను అడిగుంటే సరేనందునో, వద్దందునో నాకు గూడా తెలీదు. అది తెలిసే అవకాశం నాకు లేకుండా చేసినావు. దానికే నేను ఊరు దాటి వచ్చినా.

ఇంక ముందు నన్ను గురించి ఎవరొచ్చి ఏమడిగినా, నువ్వు జవాబు చెప్పొద్దు. అది కుప్పంలో ఉండాది, పోయి దాన్నే అడగండి అని చెప్పు.